చిప్పు మీద బొట్టు

మా సింహాచలం మావయ్య పోయాడని కబురొస్తే జంషెడ్‌పూర్ వెళ్లాను. సీతారాండేరాలో పదో రోజు భోజనాల దగ్గర, వరసకి నాకు మనవడయ్యే కుర్రాడొకడు వడ్డిస్తూ పక్కవాడికి హిందీలో చెబుతున్నాడు. తాతయ్య కుడిచేతిని వెనకటికి కంప్యూటర్ తినేసిందట, ఆ కంప్యూటర్ చేసిన బెంగాలీవాణ్ని జనం ఉతికి ఆరేసి ఊళ్లోంచి తరిమేశారట. వింటున్నవాళ్లు తలలూపుతూ పప్పన్నం కలుపుకుంటున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లుగా ఈ ఊరు ఈ అబద్ధాన్నే నంజుకు తింటోందన్నమాట. కంప్యూటర్ ఎవరి చేతినీ తినదు. ఆ పెట్టెలో ఉన్న ప్రోగ్రామ్ రాసింది నేను, ఆ ప్రోగ్రామ్‌ని యంత్రం భాషలోకి మార్చిన కంపైలర్ కట్టిందీ నేనే. మావయ్య చేతికి ఎవరు బదులు చెప్పాలన్న దాని మీద ఒక మనిషి ప్రాణం పోయేదాకా వచ్చింది. అదంతా కళ్లారా చూసినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే కాబట్టి రాస్తున్నాను. నచ్చనివాళ్లు చదవక్కర్లేదు.

అప్పట్లో మేం భాలుబాసాలో ఉండేవాళ్లం. రెండు గదులు, వెనక ఇరుకు పెరడు. తెల్లారకముందే అమ్మ పెరట్లో బొగ్గుల పొయ్యి రాజేసేది. ఆ పొగ మా దుప్పట్లలోకీ జడల్లోకీ దూరి, బడిలో కూర్చున్నా ముక్కుకి తగులుతూ ఉండేది. దాని వెనకే ఎండుచేప కాల్చిన వాసన, చోడి అంబలి పులుపు వాసన. మా నాన్న అప్పన్న మిస్త్రీ నది అవతల ఆదిత్యపూర్‌లో ఒక చిన్న రోలింగ్ మిల్లులో పెద్ద మిస్త్రీ. పాత ఇనుమును కొలిమిలో కాల్చి, రోలర్ల మధ్య నలిపి, ఎర్రటి కడ్డీలుగా సాగదీసే మిల్లు అది. దారి తప్పిన కడ్డీ గాల్లోకి లేచి మెలికలు తిరుగుతూ మీదికొస్తే, మనిషి పక్కకి దూకాలి, దూకనివాడు చస్తాడు. అలా చచ్చినవాళ్లనీ, తొడలు కాలినవాళ్లనీ నాన్న చూశాడు. మనుషులు చురుగ్గా ఉండాలంటే కొట్టాలి అని ఆయన అక్కడే నేర్చుకున్నాడో, శ్రీకాకుళం దగ్గర వాళ్లూరి నుంచే తెచ్చుకున్నాడో నాకు తెలీదు. మిల్లులో పనివాళ్లని కొట్టేవాడు, ఇంట్లో మమ్మల్ని కొట్టేవాడు. చేతికి ఏది దొరికితే దానితో కొట్టేవాడు.

ఆయన వచ్చే వేళకి అమ్మ ఇల్లు సర్దేది. సర్దడం అంటే పట్టకారు, అప్పడాల కర్ర, బొగ్గులు పగలగొట్టే సుత్తి కనబడకుండా దాచడం. ఆయన సైకిల్‌ని స్టాండు వేసి నిలబెడితే ఆ పూట గండం గడిచినట్టు. గోడకి ఆనిస్తే చూసి మాట్లాడాలి. నేల మీద పడేసి లోపలికొస్తే మేం పక్కింట్లోకి పోయేవాళ్లం, అమ్మ మాత్రం ఉండిపోయేది. వేడినీళ్లతో స్నానం, చెవుల్లోంచి ఇనప పొట్టు తీసుకోవడం, ఒంటికి ఆవనూనె, తర్వాత భోజనం. ఉప్పు తగ్గితే ఒక దెబ్బ, ఎక్కువైతే ఒక దెబ్బ. "ఏటే, సెవుల్లేవా నీకు? ఎన్నిసార్లు సెప్పాల?" అనేవాడు, అమ్మ ఏమీ అనకుండానే. కొట్టాక ఆకలి బాగా వేసేది ఆయనకి. ఇంకాస్త అన్నం పెట్టమని అమ్మని పిలిచే గొంతు మళ్లీ మామూలుగా, మెత్తగా ఉండేది. నాకు దెబ్బలకన్నా ఆ మెత్తని గొంతంటేనే ఎక్కువ అసహ్యం వేసేది, ఇప్పటికీ అంతే.

సింహాచలం మావయ్య అమ్మకి తమ్ముడు. అమ్మతోపాటే ఈ ఊరొచ్చి, మా ఇంట్లోనే పెరిగి, నాన్న చేతికిందే మిల్లులో కుదిరాడు. కడ్డీని ముక్కలుగా కోసే కత్తెర యంత్రం దగ్గర ఆయన పని. ఇంట్లో చెయ్యి లేచినప్పుడల్లా మధ్యలోకి వచ్చి అమ్మకి అడ్డంగా నిలబడి, "బావా, నన్ను కొట్టు, అప్పకి వొంట్లో బాగోనేదు" అనేవాడు నవ్వుతూ. నాన్న ఆయన్ని కూడా కొట్టేవాడు. మావయ్య ఆ నవ్వు మానేవాడు కాదు. మా ఇంట్లో నవ్వే అలవాటున్న మనిషి ఆయనొక్కడే.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి ఇంట్లో కూర్చున్న రోజుల్లో మిల్లుకి సన్యాల్ బాబు అనే ఇంజనీరు వస్తూ ఉండేవాడు. పెద్ద ఉద్యోగం మానేసి, సిద్ధగోరాలో తన ఇంటి ముందుగదిలో, యంత్రాలని నడిపే కంట్రోల్ పెట్టెలు తయారుచేసేవాడు. సన్నటి మనిషి. ఏది చెప్పినా ముందు చేత్తో గాల్లో బొమ్మ గీసేవాడు. నాకు పని ఇస్తానంటే చిత్రంగా మా నాన్న వెంటనే ఒప్పుకున్నాడు. "తీసుకెల్లండి బాబూ. ఇంట్లో ఉంటే దీని నోటికి నా సెయ్యి ఊరుకోదు" అన్నాడు. అలా మా నాన్న చెయ్యి ఊరుకోకపోవడం వల్ల నాకు చదువుకి తగ్గ ఉద్యోగం దొరికింది.

అసెంబ్లీ భాష గురించి ఇప్పటి పిల్లలకి చెబితే రాతియుగం కథ విన్నట్టు చూస్తారు. అది యంత్రం ఎంత చెబితే అంతే చేసే భాష. ఈ అంకె తెచ్చుకో, దాన్ని దీనితో పోల్చు, ఫలితం సున్నా కాకపోతే ఫలానా చోటికి దూకు, ఇంతే. ఒక్కో ఆజ్ఞనీ పెన్సిల్‌తో రాసుకుని, పక్కన పట్టీ చూసి దాని సంకేతం రాసి, ఆ సంకేతాలని మీటలు నొక్కి ఎక్కించేదాన్ని. మధ్యలో ఒక్క ఆజ్ఞ మరిచిపోయి తర్వాత చేర్చామా, దాని కిందవన్నీ ఒక్కో గడి కిందికి జరిగిపోతాయి, దూకమన్న చోట్లన్నీ తప్పుతాయి, మళ్లీ మొదటినుంచీ లెక్క. దూకిన చోట ఆజ్ఞ కాకుండా ఏ అంకో ఉంటే యంత్రం దాన్నే ఆజ్ఞ అనుకుని పిచ్చిపట్టినట్టు పోతుంది. మా నాన్న దగ్గర నేర్చుకున్న తిట్లన్నీ ఆ గదిలో పనికొచ్చాయి. సన్యాల్ బాబుకి తెలుగు రాకపోవడం ఇద్దరికీ మంచిదైంది.

కంపైలర్ ఆలోచన ఆయనదే. మిల్లు మనిషి చదివి అర్థం చేసుకోగల నాలుగు హిందీ మాటలతో ఒక చిన్న భాష చేద్దామన్నాడు. అగర్ అంటే ఒకవేళ, తబ్ అంటే అప్పుడు, కాటో అంటే కొయ్యి, రుకో అంటే ఆగు. "అగర్ జాలీ ఖులా తబ్ రుకో" అని రాస్తే చాలు, జాలీ తెరిచి ఉంటే ఆగు అని. దాన్ని యంత్రపు ఆజ్ఞలుగా మార్చే పని కంపైలర్‌ది. అది కట్టడం నాకు అప్పగించాడు. అక్షరాల వరసని మాటలుగా విడదీసే భాగం ఒకటి, ఆ మాటలు వాక్యంగా నిలబడతాయో లేదో చూసే భాగం ఒకటి, నిలబడిన వాక్యానికి సరిపోయే ఆజ్ఞలు బయటపెట్టే భాగం ఒకటి. మొదటిది మొత్తం అసెంబ్లీలో చేత్తో రాశాను, చాలా పేదది, కొన్ని మాటలే తెలుసు దానికి. ఆ కొన్ని మాటలతోనే ఇంకాస్త తెలివైన కంపైలర్ రాసి, పాతదాని చేత కొత్తదాన్ని పుట్టించాను. తర్వాత ఆ కొత్తదాని మూలాన్నే దానికి ఇచ్చి, నిన్ను నువ్వే మళ్లీ పుట్టించుకో అన్నాను. రెండుసార్లూ వచ్చిన ఫలితం ఒక్క అక్షరం తేడా లేకుండా కలవాలి. కలిసింది. సన్యాల్ బాబు లోపలికెళ్లి తనే టీ పెట్టుకొచ్చి నా ముందు పెట్టాడు. ఒక మగవాడు నాకు టీ కలిపి ఇవ్వడం అదే మొదలు, ఆ కప్పు ఎటు పట్టుకోవాలో కూడా తోచలేదు.

మావయ్య కత్తెర యంత్రానికి మేం చేసిన పెట్టె అలా పుట్టింది. ఎర్రటి కడ్డీ వచ్చిందని, వెలుగుని పసిగట్టే దీపపు కన్ను చెప్పగానే కత్తి దిగాలి. కత్తి ముందు ఇనప జాలీ తలుపు ఉంటుంది, అది తెరిచి ఉంటే మాత్రం కత్తి కదలకూడదు. ఆ జాలీ వాక్యం నాది. ప్రోగ్రామ్ ఉండే చిప్పు నల్లగా, రెండువైపులా కాళ్లతో ఉంటుంది, నడుమ చిన్న గాజు కిటికీ. ఆ కిటికీలోంచి ఒక రకం తీక్షణమైన వెలుగు పడితే లోపల రాసింది చెరిగిపోతుంది. మేం చెరిపి మళ్లీ రాసుకోవడానికి ఉన్న దారి అదే. అందుకే రాశాక కిటికీ మీద వెండి కాగితం అంటించేవాళ్లం. మొదట్లో మిల్లువాళ్లు పెట్టెని చూసి ఉమ్మేశారు, మా పొట్ట కొట్టడానికి వచ్చిందని. అందరికన్నా గట్టిగా ఉమ్మింది మా నాన్నే. అది సరిగ్గా పనిచెయ్యడం మొదలుపెట్టాక మాత్రం వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాడని మావయ్య చెప్పాడు. "నీ పేరు సెప్పి మరీ సూపిత్తన్నాడే. నీతో మాత్రం అన్డు" అన్నాడు.

ఆ ఏడు విశ్వకర్మ పూజకి మిల్లంతా రంగులు వేశారు. మా పెట్టె తలుపు కూడా ఊడదీసి, ఆకుపచ్చ రంగు పూసి ఆరబెట్టారు. ఆ రోజు కరెంటు తీసేసి, యంత్రాలన్నిటినీ కడిగి, బొట్టు పెట్టి, దండలేస్తారు. మొదటి బొట్టు పెద్ద మిస్త్రీ చేతి మీదుగా పడాలి, అది ఎప్పుడూ కొలిమికే. నాన్న ఆ సాయంత్రం బూందీ పొట్లంతో వచ్చి, సైకిల్ స్టాండు వేసి, నన్ను పిలిచి పొట్లం నా చేతిలో పెట్టాడు. "ఈసారి మొదటి బొట్టు కొలిమికి ఎట్నేదే. నీ పెట్టెకి ఎట్టినాను. లోపల నల్ల జెర్రిలాటిది ఉంది సూడు, దానికి" అన్నాడు. నేను అప్పటికి ఇరవై దాటిన ఆడపిల్లని. నా పని గురించి మా నాన్న నాతో అన్న మొదటి మాట అది. ఆ బూందీలో ఒక్కటి తిని, పొట్లం మళ్లీ కట్టి దిండు కింద దాచుకున్నాను. సంతోషం అని ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ అది సంతోషమే.

తర్వాత కొన్నాళ్లకే ఆ రోజు వచ్చింది. కడ్డీ వచ్చింది, కత్తి దిగలేదు. వెనక కడ్డీ ముందుదాని మీదికి ఎక్కి చుట్టలు పడింది. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మావయ్యకి అలవాటే. జాలీ తెరిచి, పట్టకారు పట్టుకుని చెయ్యి లోపలికి పెట్టాడు. కత్తి అప్పుడు దిగింది. మణికట్టు పైనుంచి పోయింది. నాన్న తన భుజం మీది గంచా తువ్వాలు తీసి బిగించి కట్టి, ఆయన్ని భుజాన వేసుకుని లారీ దాకా పరిగెత్తాడట. తెగిన చెయ్యిని గోవిందు సత్తు టిఫిన్ డబ్బాలో పెట్టి తెచ్చాడు. గోవిందు నాన్న దగ్గర పని నేర్చుకున్నవాడే, నాన్న కొట్టగా రాటుదేలినవాడు. ఆస్పత్రిలో డాక్టరు డబ్బా తెరిచి చూసి, మూత పెట్టి పక్కకి జరిపాడు. ఆ రోజుల్లో ఆ ఊళ్లో అతికించేవాళ్లెవరూ లేరు. అమ్మ ఆ డబ్బాని ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చుంది. ఎంత అడిగినా ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున్న మిల్లు జనం సిద్ధగోరా వచ్చారు. నేను అక్కడే ఉన్నాను. పూజ నాటి ఆకుపచ్చ రంగు ఇంకా గోళ్లలో ఉన్న మనుషులు, చేతుల్లో కడ్డీలు, పట్టకార్లు. ముందు మా నాన్న. సన్యాల్ బాబుని చొక్కా పట్టుకుని వీధిలోకి ఈడ్చారు. లోపల కొందరు కంప్యూటర్ తెరని గోడకేసి కొట్టారు, నా కంపైలర్ ఉన్న డిస్కులని చెప్పులకింద తొక్కారు. "ఏ సేత్తో రాసినావు?" అని నాన్న అడిగాడు, తెలుగులోనే. ప్రశ్న అర్థమయ్యే ఉంటుంది, ఆయన కుడిచెయ్యి ముందుకి పెట్టాడు. నేను మధ్యలో దూరి, "నాన్నా, అది నేను రాశాను, ఆయన కాదు, నేను" అని అరిచాను. నాన్న నా వైపు చూడకుండానే కొట్టాడు. ఎడమ చెవిలో ఆ రోజు మొదలైన మోత ఇప్పటికీ పూర్తిగా పోలేదు. సన్యాల్ బాబు హిందీలో, "అమ్మాయికి ఏమీ తెలీదు. నేనే రాశాను" అన్నాడు. నాన్న ఆయన చేతిని గుమ్మం మెట్టు మీద అదిమిపెట్టి పట్టకారుతో కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఎముకలు విరిగే చప్పుడు ఎండుపుల్లలు విరిచినట్టే ఉంటుంది, అంతకన్నా పెద్దగా ఏమీ ఉండదు. ఆ చప్పుడు విని జనం కాస్త వెనక్కి తగ్గారు. వెళ్తూ వెళ్తూ గోవిందు గుమ్మంలో నిలబడి, "సింహాచలం పాణం పోతే మల్లా వత్తాం. అప్పుడు సేత్తో ఆగదు, మాలూమ్ హై నా?" అన్నాడు. మావయ్యకి అప్పటికే జ్వరం ఎక్కుతోంది, పుండు రంగు మారుతోందని డాక్టరు అమ్మతో చెప్పాడు.

నాకు ఏడుపు రాలేదు. కోపం ఒక్కటే వచ్చింది, అది కూడా ముందు నా మీద. నా కంపైలరే తప్పు ఆజ్ఞ పుట్టించిందా అని రాసిన ప్రతి వరసనీ మనసులో మళ్లీ చదువుకున్నాను. సన్యాల్ బాబు చేతికి కట్టు కట్టించి, నేరుగా ఆదిత్యపూర్ వెళ్లాను. మిల్లు ఆపేసి ఉంది. మిస్త్రీ కూతురినని కాపలావాడు లోపలికి వదిలాడు. కత్తెర యంత్రం పక్కనే షెడ్డు స్తంభానికి వెల్డింగ్ పని జరుగుతున్న గుర్తులున్నాయి, నేల నిండా కాలిన పుల్లలు. మా పెట్టెకి తలుపు లేదు. రంగు ఆరబెట్టిన తలుపు గోడవార అలాగే ఉంది, ఎవరూ తిరిగి బిగించలేదు. లోపల చిప్పు మీద నేను అంటించిన వెండి కాగితం లేదు. గాజు కిటికీ బోసిగా మెరుస్తోంది, దాని మూలల్లో కాస్త కుంకం అంటుకుని ఉంది. కత్తి దిగినప్పుడల్లా అదిరే పెట్టెలో మిగతా కుంకమంతా రాలిపోయింది.

చిప్పుని పీకి, పాలిటెక్నిక్ లాబ్‌కి పట్టుకెళ్లి చదివించాను. జాలీ వాక్యం ఉండే చోట సి2 అనే సంకేతం ఉండాలి. సి2 అంటే సున్నా కాకపోతే దూకు. జాలీ తెరిచి ఉంటే సున్నా కాదు కాబట్టి దూకి ఆగిపోవాలి. అక్కడ సిఏ ఉంది. సిఏ అంటే సున్నా అయితే దూకు. జాలీ మూసి ఉంటే ఆగుతుంది, తెరిస్తే కోస్తుంది. ఈ రెండు సంకేతాలకీ తేడా ఒకే ఒక్క బిట్టు, అంటే సున్నా గానీ ఒకటి గానీ ఉండే ఒక్క గడి. వెలుగు తగిలితే ఇలాంటి చిప్పులో సున్నాలే ఒకట్లుగా మారతాయి, ఇక్కడా ఒక సున్నానే ఒకటైంది. వెల్డింగ్ మంటలో ఆ చెరిపే వెలుగు పుష్కలంగా ఉంటుంది. అదే ప్రోగ్రామ్ రాసి మేం దాచి ఉంచిన రెండో చిప్పుని పెట్టి చదివించాను, కాగితం కప్పి ఉన్న దానిలో సి2 చెక్కుచెదరలేదు. నా కంపైలర్ తప్పు చెయ్యలేదు. ఆ సంగతి తెలిసిన క్షణంలో గుండె తేలిక పడింది, మరుక్షణంలో బూందీ పొట్లం గుర్తొచ్చింది. కొత్త వస్తువు మీద మిగిలిపోయిన కాగితం అనుకుని, దేవుడి మొహానికి కాగితం అడ్డమేమిటని మా నాన్న దాన్ని పీకి, నీళ్లతో తుడిచి, బొట్టు పెట్టి ఉంటాడు.

ఆస్పత్రి వరండాలో అమ్మకి చెప్పాను. డబ్బా ఇంకా ఆమె పక్కనే ఉంది. దాన్ని మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. "ఈ మాట బయటికొత్తే మీ నాన్నని సంపేత్తారే ఆల్లు" అంది తర్వాత.

"చెప్పకపోతే సన్యాల్ బాబుని చంపేస్తారమ్మా."

"ఆ బాబుకి పిల్లలున్నారా?"

"ఉన్నారు."

అమ్మ పైటకొంగుతో మొహం తుడుచుకుంది. "మరేటి సూత్తన్నావు? ఎల్లి సెప్పు" అంది.

ఆ మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకి, మిల్లు ఆగి ఉన్నా జనం అలవాటుగా వచ్చి అక్కడ గుమిగూడి ఉన్నారు. నేను మాటలతో మొదలుపెట్టలేదు, బిట్లూ బైట్లూ అంటే ఎవరు వింటారు. కాగితం ఉన్న చిప్పుని పెట్టెలో పెట్టి, జాలీ మూసి, దీపపు కన్నుకి టార్చి చూపించి కత్తి కింద వెదురుకర్ర పెట్టించాను. తెగింది. జాలీ తెరిచాను, కత్తి కదల్లేదు. తర్వాత పాత చిప్పు పెట్టాను. జాలీ మూసి ఉంటే కత్తి కదల్లేదు. జాలీ తెరిచి టార్చి వేశాను. కత్తి దిగి వెదురు రెండు ముక్కలై ఎగిరిపడింది. ముందున్నవాళ్లు వెనక్కి జరిగారు. చిప్పు పైకెత్తి, దీని మీద వెండి కాగితం ఉండాలి, తీసేసి తలుపు లేకుండా వదిలేశారు, పక్కన వెల్డింగ్ వెలుగు పడి లోపల రాత మారిపోయింది, రాసినప్పుడు సరిగ్గానే ఉంది అని తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పాను. చెప్పి మళ్లీ దాని చోటులో పెట్టాను. పేరు నేను చెప్పలేదు. "కాయితం ఎవుడు తీసినాడు?" అని గోవిందు అడిగాడు. అడుగుతూనే వాడికి జవాబు తట్టిందని మొహంలో కనబడింది. మొదటి బొట్టు ఎవరి చేతి మీదుగా పడుతుందో ఆ మిల్లులో తెలియనివాడు లేడు.

"నేనే" అన్నాడు నాన్న.

గోవిందు పట్టకారు చేతులు మార్చుకున్నాడు. "ఏ సేత్తో మిస్త్రీ?" అన్నాడు, ఏ గొంతుతో నాన్న సిద్ధగోరాలో అడిగాడో అదే గొంతుతో. పాఠం బాగా వచ్చింది వాడికి. నాన్న జనాన్ని తోసుకుంటూ యంత్రం దగ్గరికొచ్చి, తెరిచి ఉన్న జాలీలోంచి కుడిచెయ్యి కత్తి కింద పెట్టి, నా వైపు తిరిగాడు. పెట్టెలో ఉన్నది పాడైపోయిన చిప్పు. నా చేతిలో టార్చి ఉంది. "ఎయ్యవే పైడీ" అన్నాడు. నేను కదల్లేదు. "నీకే సెప్తన్నాను. ఎయ్యి." ఎవరూ ఆపలేదు, అందరూ నా చేతినే చూస్తున్నారు. వెయ్యాలని ఒక్క క్షణం నాకు అనిపించింది. అనిపించలేదని రాస్తే నా మొహాన నేనే ఉమ్ముకోవాలి. చిన్నప్పటినుంచీ ఆ చెయ్యి అమ్మ మీద లేచిన ప్రతిసారీ నేను కోరుకున్నది అదే. టార్చి కింద పడేసి పెద్ద స్విచ్చి దించేశాను. నాన్న చెయ్యి తీసుకుని, అంగల్లో వచ్చి, చెప్పిన మాట వినలేదని అంతమంది ముందూ నన్ను చెంప మీద కొట్టాడు. ఆయనకి వేరే ఏమీ చేతకాదు. కొట్టి, పెట్టె పక్కనే నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. గోవిందు పట్టకారు అక్కడే వదిలేసి బయటికి పోయాడు. ఆ తర్వాత సిద్ధగోరా ఎవరూ వెళ్లలేదు.

మావయ్య బతికాడు. సన్యాల్ బాబు వేళ్లు మళ్లీ పూర్తిగా ముడుచుకోలేదు. ఇల్లు ఖాళీ చేసి కలకత్తా వెళ్లిపోయేముందు నన్ను పిలిచి ఒకటే అడిగాడు, కంపైలర్ పుట్టించింది సరిగ్గానే ఉందా అని. సరిగ్గానే ఉందన్నాను. తల పంకించి, గాల్లో ఏదో గియ్యబోయి, కట్టు కట్టిన చేతిని చూసుకుని దించేశాడు. ఆయనతో నా ఆఖరి మాట అది. నేను తర్వాత హైదరాబాద్‌లో కంపైలర్ల పనిలోనే బతుకు గడిపాను. ఇప్పటి చిప్పులకి గాజు కిటికీలు లేవు. ఇప్పటి కంపైలర్ ఏ ఆజ్ఞలు పుట్టించిందో తెరిచి చూసేవాళ్లు నూటికి ఒకరుంటే గొప్ప. ఎక్కడో ఏదో యంత్రం మనిషిని చంపితే కమిటీ వేస్తారు, చల్లటి గదిలో కూర్చుని అందరిదీ కొంచెం కొంచెం తప్పని తేలుస్తారు. పట్టకారు పట్టుకుని ఎవరూ రారు, అది మంచిదే, ఆ రోజులు తిరిగి రావాలని నేను చచ్చినా అనను. కానీ నేనే అని ముందుకొచ్చే గొంతు కూడా ఆ గదుల్లో నేనెప్పుడూ వినలేదు.

ఆ దెబ్బతో మా నాన్న మారిపోయాడని రాయాలని ఉంది గానీ అది నిజం కాదు. మావయ్య ఆస్పత్రి నుంచి వచ్చాక, ఎడమచేత్తో తినడం చేతకాక అన్నమంతా ఒంటి మీద పోసుకునేవాడు. నాన్న ఎవరూ చెప్పకుండానే పళ్లెం తీసుకుని, అన్నం కలిపి, ముద్దలు చేసి ఆయన నోటికి అందించడం మొదలుపెట్టాడు. పొద్దున్నా, సాయంత్రం. షిఫ్టు అయిపోగానే ఎక్కడా ఆగకుండా అందుకోసమే ఇంటికొచ్చేవాడు. చేపలో ముల్లు తీసి, వేలితో వెతికి చూసి మరీ పెట్టేవాడు. ఆ పూట ఒక్కటే ఆయన మొహం కాస్త తెరిపిన పడ్డట్టుండేది. అలా కొన్నాళ్లు గడిచాక ఒక పొద్దున్న, నీళ్లు తోడలేదనో ఏదో, అమ్మని కొట్టాడు. కొట్టి, ఎప్పటిలాగే చెయ్యి కడుక్కుని, పళ్లెంలో అన్నం కలిపి మావయ్య ముందు కూర్చుని ముద్ద ఎత్తాడు. మావయ్య నోరు తెరవలేదు.

"తిను" అన్నాడు నాన్న.

"అప్పని కొట్టిన సేత్తో నాకెట్టకు బావా" అన్నాడు మావయ్య. ఆ మనిషి నవ్వకుండా మాట్లాడటం మేం ఎప్పుడూ చూడలేదు.

ముద్ద ఆరిపోయేదాకా నాన్న దాన్ని పట్టుకునే ఉన్నాడు. తర్వాత పళ్లెంలో పెట్టేసి, తనూ తినకుండా సైకిలెక్కి వెళ్లిపోయాడు. సాయంత్రం మళ్లీ వచ్చి, మళ్లీ కలిపి, మళ్లీ ముద్ద ఎత్తాడు. మావయ్య తల తిప్పి, వంటింటి వైపు చూసి, "అప్పా, ఇయ్యాల మరి కొట్నేదు గదా?" అని అడిగాడు. అమ్మ లేదన్నాక నోరు తెరిచాడు. ఆ పూట నుంచి మావయ్య ఎడమచేత్తో తినడం నేర్చుకునేదాకా ప్రతి పూటా అదే వరస, మావయ్య అడగాలి, అమ్మ చెప్పాలి, అప్పటిదాకా మా నాన్న చేతిలో ముద్ద పట్టుకుని, అమ్మ నోటి వైపే చూస్తూ కూర్చోవాలి. కొన్నిసార్లు అమ్మకి ప్రశ్న మొదటిసారే వినబడేది. అయినా పొయ్యి దగ్గర పని చూసుకుంటూ, కావాలనే, ఆలస్యంగా చెప్పేది.